చదివిన పుస్తకం గురించి పదిమందికీ పనికొచ్చేలా చెప్పడం ఎలా: సమగ్ర మార్గదర్శి

"పుస్తకం పూర్తిచేశాను, నచ్చింది కూడా. ఎలా ఉందని ఎవరైనా అడిగితే మాత్రం 'బాగుంది' దగ్గరే ఆగిపోతున్నాను. ఇంకేం చెప్పాలి?" ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. దాని వెనకే ఇంకోటి వస్తుంది: "ఫలానావాళ్లు మంచి పుస్తకం చెప్పమన్నారు. ఏది చెప్పాలో తెలియట్లేదు."

రెండింటికీ మొదలు ఒకటే. మన మాట వినబోయే మనిషి ఎవరు, ఆ మనిషి ఏం తేల్చుకోవాలనుకుంటున్నారు అన్నది ముందు మనకి తెలియాలి. ఎదుటివాళ్లు తమ పది గంటల్ని ఈ పుస్తకానికి ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నారు. ఆ నిర్ణయానికి మన అభిప్రాయం సాయపడితే చాలు.

కింద చెప్పిన వరుసలోనే వెళ్లండి. మొదటి రెండు మెట్లు దాటేసి నేరుగా రాయడానికి కూర్చుంటే చేతికి అరిగిపోయిన మాటలే వస్తాయి.

## 1. చదువుతున్నప్పుడే గుర్తులు పెట్టుకోండి

పుస్తకం తెరిచే ముందు ఒక్క వాక్యం రాసుకోండి: దీన్ని ఎందుకు ఎంచుకున్నాను, దీన్నుంచి ఏం ఆశిస్తున్నాను. నవ్వించే పుస్తకం అనుకుని మొదలుపెట్టి దుఃఖంలో మునిగితే వచ్చే నిరాశకి కారణం పుస్తకం కాకపోవచ్చు, మన అంచనా కావచ్చు. ఆ తేడా తర్వాత తెలియాలంటే అంచనా ముందే కాగితం మీద ఉండాలి.

చదువుతుండగా మూడు గుర్తులు చాలు:

- టిక్కు: ఆగి మళ్లీ చదివిన వాక్యం, లేదా సన్నివేశం.
- ప్రశ్నార్థకం: నమ్మబుద్ధి కానిది, అర్థం కానిది.
- అడ్డగీత: పుస్తకం పక్కన పెట్టేసిన చోటు.

మూడోదాన్ని ఎవరూ పట్టించుకోరు. నా అనుభవంలో మాత్రం అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది అదే. నిద్రొచ్చి ఆపడం వేరు, విసుగొచ్చి ఆపడం వేరు. విసుగుతో ఆపినప్పుడే గీత గీయండి. చివర్లో చూస్తే ఆ గీతలు రెండు మూడు చోట్ల గుంపుగా కనబడతాయి. కథనం ఎక్కడ కుంటిందో అవే చెప్తాయి. "మధ్యలో కొంచెం సాగింది" అనే బదులు "నాయిక ఊరు విడిచిన తర్వాత రెండు అధ్యాయాలు నెమ్మదించాయి" అని చెప్పగలుగుతారు.

అరువు తెచ్చిన పుస్తకమైతే లోపల గీతలు పెట్టకండి. చిన్న చీటీ ఒకటి పేజీల మధ్య ఉంచి, పేజీ నంబరు పక్కన గుర్తు వేయండి. ఈ-బుక్‌లో అక్షరాల సైజు మారిస్తే తెర మీది పేజీలు మారిపోతాయి కాబట్టి అధ్యాయం పేరు రాసుకోండి. ఆడియో బుక్ అయితే అధ్యాయం, నిమిషం.

"నాకు గుర్తుంటుందిలే" అని వదిలేయకండి. హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త తన మీద తనే ప్రయోగాలు చేసుకుని 1885లో ప్రచురించాడు. కంఠస్థం చేసిన అర్థంలేని అక్షరాల గుంపుల్లో గంట తిరిగేసరికి సగానికి పైగా నిలవలేదు. కథలు అంత వేగంగా చెరిగిపోవు గానీ, పాత్రల పేర్లు, సంభాషణల్లోని మాటలు, ఏది ముందు జరిగిందో ఏది వెనక జరిగిందో, ఇవి మాత్రం వారంలో జారిపోతాయి.

## 2. చివరి పేజీ తర్వాత పది నిమిషాలు, ఆపైన ఒక రాత్రి

పుస్తకం మూసిన వెంటనే, మళ్లీ తెరవకుండా, పది నిమిషాలు రాయండి. వాక్యాలు సరిగ్గా ఉండక్కర్లేదు.

- కళ్ల ముందు నిలిచిన ఒక సన్నివేశం
- ఇంకా గొడవపడాలనిపిస్తున్న ఒక విషయం
- చదువుతున్నంతసేపూ మనసులో ఉన్న భావం (హాయి, దిగులు, కోపం, విసుగు, కుతూహలం)
- ఇది చదువుతుంటే గుర్తొచ్చిన ఒక మనిషి

ఆ రోజు అక్కడితో ఆపండి. ఎవరికీ చెప్పకండి, ఎక్కడా రాయకండి. ముగింపు బాగా కుదిరిన పుస్తకం, మధ్యలో విసిగించిన వంద పేజీల్ని మరిపించేస్తుంది. ముగింపు తేలిపోతే అంతకుముందున్న మంచి అంతా కొట్టుకుపోతుంది. ఒక రాత్రి గడిస్తే ఈ రెండూ సర్దుకుంటాయి. పెద్ద నవలకైతే నేను రెండు మూడు రోజులు ఆగుతాను.

ఆ ఆగే రోజుల్లో ఇతరుల సమీక్షలు చదవకండి. ఒక్కటి చదివినా వాళ్ల మాటలు మన నోట్లోకి వచ్చేస్తాయి, అవి మనవే అనిపిస్తాయి కూడా.

## 3. వివరాలు సరిచూసుకోండి

ఈ పనికి ఐదు నిమిషాలు చాలు. వివరాలు తప్పుపోతే మాత్రం మన మాట విని పుస్తకం వెతికినవాళ్లకి వేరే పుస్తకం దొరుకుతుంది.

- పుస్తకం పేరు, రచయిత పేరు: అట్ట మీద ఎలా ఉంటే అలా
- అనువాదమైతే అనువాదకుల పేరు, మూలభాష
- ప్రచురణ సంస్థ, మీరు చదివిన ముద్రణ సంవత్సరం
- పేజీల సంఖ్య
- సిరీస్‌లో భాగమైతే ఎన్నో భాగం
- ఆడియో అయితే చదివినవారి పేరు. పూర్తి పుస్తకమా, కుదించినదా
- ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే గుర్తింపు నంబరు)

ఐఎస్‌బీఎన్ సాధారణంగా వెనక అట్ట మీదా, లోపల ప్రచురణ వివరాల పేజీలోనూ ఉంటుంది. 2007 జనవరి నుంచి అది 13 అంకెలు. అంతకుముందు వచ్చిన పుస్తకాల మీద 10 అంకెలే కనిపిస్తాయి. మెత్తని అట్ట పుస్తకానికి ఒక నంబరు, గట్టి అట్టదానికి ఇంకోటి ఉంటాయి. ఒకే నవలకి నాలుగు అనువాదాలున్నప్పుడు మీరు చదివింది ఏదో తేల్చేది ఈ నంబరే.

## 4. అభిప్రాయాన్ని ముందు మీలో మీరు తేల్చుకోండి

"నాకు నచ్చింది", "బాగా రాశారు" అనేవి రెండూ ఒకటి కాదు. బాగా రాసిన పుస్తకం మనకి నచ్చకపోవచ్చు. లోపాలున్న పుస్తకం ప్రాణంగా నచ్చవచ్చు. ఈ రెంటినీ విడదీస్తే గానీ మాట స్పష్టంగా రాదు. కాగితం మధ్యలో గీత గీసి ఒక పక్క "నాకు", ఇంకో పక్క "పుస్తకంలో" అని రాసి కింద నింపండి.

ఆ తర్వాత ఈ ప్రశ్నలకి ఒక్కో వాక్యంలో జవాబివ్వండి:

- ఈ పుస్తకం ఏం చేయాలని మొదలైంది? అది చేసిందా?
- ఎవరి కళ్లతో చెప్తోంది? ఆ ఎంపిక వల్ల ఏం దక్కింది, ఏం పోయింది?
- ఎంత వేగంగా నడుస్తుంది?
- భాష ఎలాంటిది: తేలికా, చిక్కనా, మాండలికమా?
- ఎక్కడ నమ్మలేకపోయాను?

మొదటి ప్రశ్న దగ్గర కాస్త ఎక్కువసేపు ఉండండి. నలుగురి మాటలతో ఒక గదిలో జరిగే నవలలో సాహసాలు లేవని తప్పుపట్టడం న్యాయం కాదు. అది సాహసాలు చూపిస్తానని మాట ఇవ్వలేదు. ఇచ్చిన మాట నిలబెట్టుకుందా అని చూడాలి. ఆ తర్వాత, ఆ రకం పుస్తకం మనకి పడుతుందా లేదా అన్నది విడిగా చెప్పుకోవచ్చు.

## 5. రాయడం

ఒక ఊహా నవల తీసుకుందాం. తండ్రి పోయిన తర్వాత ఇల్లు ఖాళీ చేయడానికి ముగ్గురు తోబుట్టువులు కలుస్తారు. దాని గురించి మొదటి ప్రయత్నంలో సాధారణంగా వచ్చే మాటలు ఇలా ఉంటాయి:

"అద్భుతమైన నవల. మానవ సంబంధాలను రచయిత కళ్లకు కట్టినట్టు చిత్రించారు. ఏకబిగిన చదివిస్తుంది. గుండెను పిండేస్తుంది. ప్రతి ఒక్కరూ చదివి తీరాల్సిన పుస్తకం."

ఈ ఐదు వాక్యాల మీద ఇంకో నవల పేరు పెట్టి చూడండి. అతికినట్టు సరిపోతుంది. ఇంకో వంద నవలలకీ సరిపోతుంది. రాసిన మనిషి అబద్ధం చెప్పలేదు, నిజంగానే కదిలిపోయి ఉంటారు. కానీ ఆ కదలిక చదివేవాళ్లకి చేరలేదు.

అదే పుస్తకం గురించి రెండో ప్రయత్నం:

"తండ్రి పోయాక ఇల్లు ఖాళీ చేయడానికి ముగ్గురు తోబుట్టువులు నాలుగు రోజులు ఒకే కప్పు కింద ఉంటారు. నవలంతా ఆ నాలుగు రోజులే. కేకలూ తగాదాలూ పెద్దగా లేవు. ఎవరు ఏ వస్తువు తీసుకోవాలన్న దగ్గర పాత లెక్కలన్నీ బయటికొస్తుంటాయి. గోడ గడియారం గురించి అక్కాతమ్ముళ్లు మాట్లాడుకునే మూడు పేజీలు నాకింకా మెదులుతూనే ఉన్నాయి. ఆ గడియారం ఇద్దరికీ అక్కర్లేదు, అవతలివాళ్లకి వదలడం మాత్రం ఇద్దరికీ ఇష్టం లేదు. రెండో రోజు సాగదీసినట్టుంది, అక్కడ రెండుసార్లు పుస్తకం పక్కన పెట్టాను. చకచకా సంఘటనలు జరగాలనుకునేవాళ్లకి ఇది పడదు. మాటల వెనక దాచుకున్న మాటలు పట్టుకోవడం ఇష్టమున్నవాళ్లు తప్పకుండా చూడండి. 240 పేజీలు, నాకు ఐదు రాత్రులు పట్టింది."

ఇందులో "అద్భుతం" అన్న మాటే లేదు. అయినా రాసిన మనిషికి పుస్తకం నచ్చిందని తెలుస్తోంది. అంతకన్నా ముఖ్యంగా, చదివిన ఇద్దరిలో ఒకరు "ఇది నాకే" అనుకుంటారు, ఇంకొకరు "నాకొద్దు" అనుకుంటారు. ఇద్దరికీ మేలే జరిగింది.

వరుస గమనించండి:

1. పుస్తకం దేని గురించి: రెండు వాక్యాలు మించకుండా.
2. ఎలా నడుస్తుంది: వేగం, స్వరం.
3. దగ్గరగా చూపించిన ఒకే ఒక్క సన్నివేశం.
4. కుదరని చోటు.
5. ఎవరికి నచ్చుతుంది, ఎవరికి నచ్చదు.
6. పేజీలు, పట్టిన సమయం.

మూడో మెట్టే ప్రాణం. సన్నివేశాలు నాలుగైదు పెడితే ఏదీ నిలవదు, ఒక్కటి చాలు. మీరు టిక్కు పెట్టిన వాటిలో అందరూ చెప్పే పెద్ద ఘట్టాన్ని వదిలి చిన్నదాన్ని తీసుకోండి. పెద్ద ఘట్టం చెప్తే కథ బయటపడుతుంది. చిన్నది చెప్తే రచయిత చూపు తెలుస్తుంది.

రాసింది ఒకసారి పైకి చదవండి. "ఆద్యంతం", "హృద్యంగా", "ఆలోచింపజేస్తుంది" లాంటి మాట తగిలితే ఆగి, "ఏ పేజీలో?", "ఏం ఆలోచించాను?" అని అడగండి. జవాబు దొరికితే ఆ మాట కొట్టేసి జవాబు రాయండి. దొరక్కపోతే మాట కొట్టేయండి.

పుస్తకం రకాన్ని బట్టి మారేవి

కథల సంపుటి: ఇరవై కథలకీ ఒక్కో వాక్యం రాస్తే విషయసూచికలా ఉంటుంది. రెండు మూడు కథలు తీసుకోండి. ఏ కథతో మొదలుపెడితే బాగుంటుందో చెప్పండి. సంపుటిలో ఎగుడుదిగుళ్లు మామూలే, వాటిని దాచక్కర్లేదు.

కవిత్వం: వర్ణించడం కన్నా నాలుగు పంక్తులు చూపించడం మేలు.

కథేతర పుస్తకాలు: ప్రధాన వాదన ఏమిటి, దానికి చూపించిన ఆధారాలేమిటి, లెక్కలు ఏ సంవత్సరం వరకు ఉన్నాయి, చివర్లో ఆధారాల పట్టిక, పదసూచిక ఉన్నాయా అన్నవి చెప్పండి. వాదన నచ్చడం వేరు, వాదన రుజువు కావడం వేరు. మన అభిప్రాయానికి దగ్గరగా ఉన్న పుస్తకం దగ్గరే ఈ పొరపాటు ఎక్కువ జరుగుతుంది కాబట్టి, అలాంటప్పుడు ఇంకాస్త గట్టిగా చూడాలి.

అనువాదాలు: మూలం చదవకుండా "మూలానికి న్యాయం చేశారు" అని రాయకండి. మనకి తెలిసింది ఈ భాషలో ఎలా చదివించిందన్నదే. వాక్యాలు సాఫీగా ఉన్నాయా, సంభాషణలు మనుషులు మాట్లాడినట్టున్నాయా అన్నది చెప్పండి. అనువాదకుల పేరు మాత్రం ఎప్పుడూ వదలకండి. మీరు చదివిన ప్రతి మాటా వాళ్లు ఎంచుకున్నదే.

## 6. కథ ఎంతవరకు చెప్పొచ్చు

నేను పాటించే హద్దు ఇది: వెనక అట్ట మీద ఉన్నది చెప్పొచ్చు. మొదటి పావు వంతులో జరిగింది చెప్పొచ్చు. అది దాటితే చెప్పను.

"చివర్లో ఒక పెద్ద మలుపు ఉంది, అది మాత్రం చెప్పను" అనడం కూడా చెప్పేయడమే. ఆ మాట విన్న మనిషి ప్రతి పేజీలో మలుపు కోసం కాచుకుని కూర్చుంటారు. మలుపు ఉందన్న సంగతే ఎత్తకండి.

ముగింపు తెలిస్తే కథ పాడవుతుందన్నది అంత తేలిగ్గా తేల్చలేని విషయం. శాన్‌డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు జొనాథన్ లీవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 2011లో ప్రచురించిన అధ్యయనంలో, ముగింపు ముందే తెలిసిన పాఠకులు చిన్న కథల్ని ఇంకాస్త ఎక్కువే ఆస్వాదించారు. తర్వాత వచ్చిన కొన్ని అధ్యయనాల్లో ఫలితాలు దీనికి భిన్నంగా ఉన్నాయి. నా మటుకు నాకు ఇక్కడ ప్రశ్న వేరు: తెలుసుకోవాలా వద్దా అన్నది చదివేవాళ్లు తేల్చుకోవాలి. మనం వాళ్ల తరఫున తేల్చేయకూడదు.

ముగింపు గురించి మాట్లాడక తప్పకపోతే "ఇక్కడి నుంచి కథ బయటపడుతుంది" అని విడి వాక్యంగా రాసి, కొంత ఖాళీ వదిలి, ఆ తర్వాత రాయండి.

## 7. వాక్యాలు ఉటంకించేటప్పుడు

పుస్తకం తెరిచి అక్షరం అక్షరం చూసి దించండి, జ్ఞాపకం మీద రాయకండి. పేజీ నంబరు ఇవ్వండి. మధ్యలో కొంత వదిలితే మూడు చుక్కలు పెట్టండి. రెండు మూడు వాక్యాలు చాలు. పేజీలకి పేజీలు ఫొటో తీసి పంచడం రచయితకి నష్టం.

పాత్ర అన్న మాటని రచయిత అభిప్రాయంగా చూపించకండి. "ఫలానా రచయిత ఇలా అన్నారు" అని తిరిగే వాక్యాలు చాలావరకు నవలలో ఏదో పాత్ర కోపంలో అన్నవే అయ్యుంటాయి.

## 8. నక్షత్రాలు, మార్కులు

ఇవ్వాల్సిన చోట ఇవ్వండి గానీ, ఆ చోట వాటికి ఏ అర్థమో ముందు చూడండి. పాఠకులు పుస్తకాలకి మార్కులిచ్చే వెబ్‌సైట్ గుడ్‌రీడ్స్‌లో రెండు నక్షత్రాలంటే "ఫర్వాలేదు", మూడంటే "నచ్చింది". అక్కడ సగం నక్షత్రం ఇవ్వడానికి లేదు. అలాంటిదే ఇంకో వెబ్‌సైట్ స్టోరీగ్రాఫ్‌లో పావు నక్షత్రం కూడా ఇవ్వొచ్చు. ఒకచోట ఇచ్చిన మూడుని ఇంకోచోట మూడుగా వేస్తే అర్థం మారిపోతుంది.

మీ సొంత కొలబద్ద ఒక చీటీ మీద రాసి పెట్టుకోండి. నాది ఇలా ఉంటుంది: ఐదు అంటే మళ్లీ చదువుతాను. నాలుగు అంటే అడగకపోయినా ఇతరులకి చెప్తాను. మూడు అంటే అడిగితే చెప్తాను. రెండు అంటే కష్టపడి పూర్తిచేశాను. ఒకటి అంటే చదవకుండా ఉంటే బాగుండేది. చేసే పనితో కొలిస్తే మార్కులు ఊగిసలాడవు.

## 9. నచ్చని పుస్తకం, సగంలో ఆపిన పుస్తకం

నచ్చలేదని చెప్పడానికి భయపడకండి. అన్నీ బాగున్నాయనే మనిషి మాట కొన్నాళ్లకి ఎవరూ నమ్మరు. అయితే చెప్పే తీరులో నాలుగు జాగ్రత్తలు:

- పుస్తకం గురించే మాట్లాడండి, రాసిన మనిషి గురించి వద్దు.
- "చెత్త" అని ఆగకుండా ఎక్కడ, ఎందుకు అన్నది చూపించండి.
- ఎవరికి నచ్చే అవకాశముందో ఒక వాక్యం రాయండి.
- కోపంలో రాసింది ఒక రాత్రి ఉంచి, మర్నాడు చదివాకే బయటపెట్టండి.

మీకు నచ్చని కారణమే ఇంకొకరికి నచ్చే కారణం కావచ్చు. "ప్రతి గదినీ రెండు పేజీలు వర్ణిస్తారు, నాకు ఊపిరాడలేదు" అని రాస్తే, వర్ణనలంటే ఇష్టమున్న పాఠకులు ఆ రోజే పుస్తకం వెతుక్కుంటారు.

సగంలో ఆపేస్తే ఆ సంగతి మొదటి వాక్యంలోనే చెప్పండి: "310 పేజీల్లో 140 దగ్గర ఆపేశాను." మార్కులు ఇవ్వకండి. ఎక్కడ ఆపొచ్చు అన్నదానికి అమెరికన్ లైబ్రేరియన్ నాన్సీ పెర్ల్ చెప్పిన లెక్క ఒకటుంది: యాభై ఏళ్ల లోపు వాళ్లు యాభై పేజీలు చూడాలి, యాభై దాటినవాళ్లు తమ వయసుని వందలోంచి తీసేస్తే ఎంత మిగిలితే అన్ని పేజీలు చూస్తే చాలు. అరవై రెండేళ్ల పాఠకులకి ముప్ఫై ఎనిమిది పేజీలు. వయసు పెరిగేకొద్దీ చదవడానికి మిగిలిన సమయం తగ్గుతుంది కదా, అందుకు.

తెలిసినవాళ్లు రాసిన పుస్తకమైనా, ఉచితంగా చేతికొచ్చిన ప్రతి అయినా ఆ విషయం మొదట్లోనే చెప్పేయండి. స్నేహం వల్ల నిజం రాయలేననిపిస్తే రాయకుండా ఉండండి, అభినందన విడిగా వాళ్లకే చెప్పండి.

## 10. ఒక మనిషికి పుస్తకం సూచించడం

ఇంతవరకు చెప్పింది అందరి కోసం. ఎదురుగా ఒక మనిషి ఉన్నప్పుడు పని మారిపోతుంది. అక్కడ పుస్తకం కన్నా ముందు మనిషిని చదవాలి.

ఈ మాట నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం ఒక స్నేహితురాలు "మనసు తేలికపడేది ఏదైనా ఇవ్వు" అంటే ఒక నవల ఇచ్చాను. రెండేళ్ల ముందు చదివింది. హాయిగా నవ్వుకున్నట్టు గుర్తు. వారం తర్వాత పుస్తకం తిరిగిచ్చింది. చీటీ 112వ పేజీ దగ్గర ఉంది. తెరిచి చూశాను. పసివాడికి జ్వరం తగ్గక ఆసుపత్రి వరండాలో తల్లి కూర్చున్న అధ్యాయం అది. నేను పూర్తిగా మరిచిపోయాను. ఆ నెలంతా తన బిడ్డ ఆసుపత్రిలోనే ఉన్నాడు, నాకు తెలుసు. తను ఏమీ అనలేదు. ఆ చీటీ ఇప్పటికీ ఆ పేజీలోనే ఉంది, నేను తీయలేదు.

అప్పటినుంచి ఇచ్చే ముందు పుస్తకాన్ని ఒకసారి తిరగేస్తాను, నోట్సు చూస్తాను. చావు, ఆత్మహత్య, లైంగిక హింస, పిల్లల అనారోగ్యం లాంటివి వివరంగా ఉంటే ముందే చెప్తాను. దీనికి కథ బయటపెట్టక్కర్లేదు. "మధ్యలో ఒక పసివాడి జబ్బు గురించి ఇరవై పేజీలు ఉంటాయి, ఇప్పుడు చదవగలవా?" అంటే చాలు.

ఏం అడగాలి

"నీకు ఏ రకం పుస్తకాలు ఇష్టం?" అని అడిగితే చాలామంది తడబడతారు. దాని బదులు ఒక పుస్తకం గురించి అడగండి. మా సంభాషణ ఒకటి చూడండి, అడిగింది నాతో పనిచేసే అమ్మాయి:

"అక్కా, ఏదన్నా మంచి పుస్తకం చెప్పవా?"

"ఈమధ్య చదివినవాటిలో ఏది వదల్లేకపోయావు?"

ఒక డిటెక్టివ్ నవల పేరు చెప్పింది.

"అందులో ఏం నచ్చింది? హంతకుడెవరో తెలుసుకోవాలనా?"

"అది కాదక్కా. ఆ పోలీసాయన, వాళ్ల నాన్న... ఇద్దరూ మాట్లాడుకోకుండానే ఒకే ఇంట్లో ఉంటారు చూడు, అది."

ఆ ఒక్క జవాబు వినకపోతే నేను ఇంకో రెండు డిటెక్టివ్ నవలలు చెప్పేదాన్ని. తనకి కావాల్సింది తండ్రీకొడుకులు.

నాన్సీ పెర్ల్ ఇలాంటి సందర్భానికే పుస్తకంలోకి నాలుగు తలుపులున్నాయంటారు: కథ, పాత్రలు, నేపథ్యం, భాష. ఒక్కో పాఠకుడు ఒక్కో తలుపు నుంచి లోపలికి వస్తాడు. జవాబు విని ఏ తలుపో పోల్చుకోండి:

- "తర్వాత ఏమైందో తెలియక నిద్రపట్టలేదు": కథ.
- "ఆ మనిషి నాకు తెలిసినట్టే అనిపించింది": పాత్రలు.
- "ఆ కాలంలో, ఆ చోట నేనే ఉన్నట్టుంది": నేపథ్యం.
- "కొన్ని వాక్యాలు రెండుసార్లు చదివాను": భాష.

కథ తలుపు నుంచి వచ్చే మనిషికి భాష కోసం చదవాల్సిన పుస్తకం ఇస్తే ముప్ఫై పేజీల్లో పక్కన పెట్టేస్తారు. అప్పుడు పుస్తకమూ చెడ్డది కాదు, మనిషీ చెడ్డవాడు కాదు. మనం తలుపు తప్పుగా చూపించాం, అంతే.

ఇచ్చే ముందు చెక్‌లిస్టు

- చివరగా ఇష్టపడ్డ పుస్తకం, అందులో నచ్చినది అడిగానా?
- వద్దనుకునే విషయాలు అడిగానా?
- ఇప్పుడు ఎంత తీరిక ఉంది? (600 పేజీలు ఈ నెలలో కుదురుతాయా?)
- కాగితమా, ఫోనా, ఆడియోనా?
- సిరీస్ అయితే మొదటి భాగమేనా?
- పుస్తకం ఇప్పుడు దొరుకుతోందా?

రెండు పుస్తకాలు చెప్పండి, పది వద్దు. ఒకటి వాళ్ల ఇష్టానికి దగ్గరగా, ఇంకోటి ఒక అడుగు దూరంగా. ఒక్కోదానికి ఒక కారణం, ఒక హెచ్చరిక: "నీకు నచ్చిన తండ్రీకొడుకుల మౌనం ఇందులో ఉంది, మొదటి నలభై పేజీలు నెమ్మది."

## 11. నలుగురిలో నోటితో చెప్పేటప్పుడు

మూడు నిమిషాలు పెట్టుకోండి. చీటీ మీద మూడు మాటలు చాలు: దేని గురించి, ఏ సన్నివేశం, ఎవరికి. మొత్తం రాసుకుని చదివితే గొంతు బిగుసుకుపోతుంది. టెన్షన్‌గా ఉంటే సన్నివేశంతోనే మొదలుపెట్టండి. కథ చెప్పడం అందరికీ వచ్చు, అభిప్రాయం దాని వెనకే వస్తుంది.

ఎదుటివాళ్లు మీతో విభేదిస్తే "మీకు ఏ చోట అలా అనిపించింది?" అని అడగండి. ఇద్దరూ పుస్తకంలోకి వెళ్లి వెతుక్కుంటే వాదన మనుషుల మధ్య నుంచి పేజీల మీదకి మారుతుంది.

## 12. తరచూ జరిగే తప్పులు, సర్దుకునే దారి

కథంతా చెప్పేయడం. రాసినదాంట్లో సగానికి మించి కథే ఉంటే రెండు వాక్యాలకి కుదించండి. మిగిలిన చోటు సన్నివేశానికివ్వండి.

మన జ్ఞాపకాలే ఎక్కువైపోవడం. ఒక పేరా వరకు బాగుంటుంది. ప్రతి జ్ఞాపకం పక్కనా దాన్ని లేపిన వాక్యం ఉందో లేదో చూడండి, లేకపోతే తీసేయండి.

పోలిక మీదే ఆధారపడటం. "ఫలానా నవలలా ఉంది" అంటే ఆ నవల చదవనివాళ్లకి ఏమీ తెలియదు. దేనిలో పోలికో చెప్పండి.

"అందరూ చదవాలి." అందరికీ అన్న మాట ఎవరికీ తగలదు. ఒక మనిషిని ఊహించుకుని వాళ్లకే చెప్తున్నట్టు రాయండి.

తప్పు దొరికితే గుట్టుగా దిద్దడం. పాత్ర పేరో సంవత్సరమో తప్పు రాశారని ఎవరైనా చూపిస్తే దిద్ది, దిద్దినట్టు కింద రాయండి.

## 13. చెప్పిన తర్వాత

పుస్తకం ఇచ్చిన మూడో రోజే "చదివావా?" అని అడగకండి. అది హోంవర్కు అయిపోతుంది. వాళ్లంతట వాళ్లు చెప్పే వరకు ఆగండి. నచ్చలేదంటే వాదించకండి, ఎక్కడ ఆగారో మాత్రం అడగండి.

నేను ఒక నోట్‌బుక్‌లో నాలుగు గళ్లు గీసి ఉంచాను: ఎవరికి, ఏ పుస్తకం, ఏం చెప్పి ఇచ్చాను, ఏమైంది. నాలుగో గడిలో "పూర్తిచేశారు", "ఇంకొకరికి ఇచ్చారు", "ఆపేశారు, 112" లాంటి మాటలుంటాయి. అదే మనిషి మళ్లీ పుస్తకం అడిగినప్పుడు ముందు ఆ పేజీ తెరుస్తాను.